కుతుపలాంగ్‌లో ఒక వినతిపత్రం తయారైన తీరు

2025 మొదట్లో నేను ఉద్యోగం మీద బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ వెళ్లాను. ఒక స్వచ్ఛంద సంస్థ రోహింగ్యా శరణార్థి క్యాంపుల్లో యువతీయువకులకు నాయకత్వ శిక్షణ ఇస్తోంది. అందులో నేను ట్రైనర్‌ని. సంస్థ పేరు, క్యాంపు నంబరు, పిల్లల పేర్లు ఏవీ రాయను. ఎందుకు రాయనో చదువుతుంటే మీకే తెలుస్తుంది. కాగితం మీద నా పని పద్దెనిమిది నుంచి ముప్ఫై ఏళ్లవాళ్లకు హక్కుల గురించి చెప్పడం, నలుగురిలో మాట్లాడటం నేర్పడం. తీరా చూస్తే ఆ ఏడాది ఎక్కువ భాగం మేం కూర్చున్నది రెండు పేజీల వినతిపత్రం ఒకటి రాయడానికే. రెండు పేజీలకి అంతకాలం ఎందుకు పట్టిందన్నదే ఇక్కడ చెప్పబోతున్నాను.

ముందు ఆ చోటు గురించి కొంచెం. కాక్స్ బజార్ అనగానే పొడవాటి బీచ్ గుర్తొస్తుంది. అక్కడి నుంచి దక్షిణంగా వెళ్తే ఉఖియా, ఇంకా కిందికి టెక్నాఫ్. ఈ రెండు ఉపజిల్లాల్లో కలిపి 33 క్యాంపులు ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద సముదాయం కుతుపలాంగ్. ఒకప్పుడు ఏనుగులు తిరిగిన అడవి గుట్టలు అవి. ఇప్పుడు గుట్ట మొదలు నుంచి శిఖరం దాకా వెదురు గుడిసెలు, టార్పాలిన్ కప్పులు. పదకొండు లక్షలకు పైగా జనం, అందులో సగానికి మించి పిల్లలే. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం వీళ్లది. 1978లో దాదాపు రెండు లక్షల మంది, 1991-92లో ఇంకో రెండున్నర లక్షల మంది పారిపోయి వచ్చారు. చాలామందిని తిప్పి పంపేశారు. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం ఊళ్లకి ఊళ్లు తగలబెట్టినప్పుడు కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటారు. 1982 నాటి పౌరసత్వ చట్టం వచ్చాక సొంత దేశంలోనే వీళ్లు పరాయివాళ్లయ్యారు.

నాకు బర్మా పేరు కొత్త కాదు. మాది విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్. మామ్మ పుట్టింది రంగూన్‌లో. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడి బియ్యం మిల్లులో పనిచేశాడు. 1962లో నె విన్ అధికారం లాక్కుని, తర్వాత రెండేళ్లకి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేయడంతో లక్షల మంది భారతీయులు తిరిగొచ్చేశారు. మెళ్లో నగలు కూడా తెచ్చుకోనివ్వలేదని మామ్మ చెప్పేది. కానీ మామ్మకి దిగడానికి ఒక రేవుంది. కాందిశీకులని రాసుకుని, ఉండటానికి చోటు చూపించిన ప్రభుత్వం ఉంది. క్యాంపులో పిల్లలకి ఈ సంగతి చెప్తే, ఒకబ్బాయి వెంటనే "అయితే మీవాళ్లని రెండు దేశాల్లో ఒకటైనా మావాళ్లే అంది కదా ఆపా" అన్నాడు. ఆపా అంటే అక్క. నేను ఇన్నేళ్లలో అలా ఆలోచించలేదు.

క్యాంపులో ప్రభుత్వం తరఫు పెద్ద సీఐసీ, అంటే క్యాంప్ ఇన్‌చార్జ్. కింద బ్లాకుకో మాఝీ. 2017లో జనం ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు సాయం పంచడానికి బంగ్లాదేశ్ సైన్యం చేసిన ఏర్పాటు ఈ మాఝీలు. ఎక్కువ చోట్ల వాళ్లని ఎవరూ ఎన్నుకోలేదు. కప్పు కారినా, కార్డులో పేరు తప్పు పడినా, మొగుడూపెళ్లాల తగువైనా ముందు మాఝీ గడప తొక్కాలి. మసీదు దగ్గర పెద్దల మాట, బ్లాకులో మాఝీ మాట, చీకటి పడితే తుపాకులున్నవాళ్ల మాట. చదువుకున్న కుర్రాడికి వీటి మధ్య చోటెక్కడిది? మహా అయితే ఏదో ఎన్జీఓలో వాలంటీరు పని. గంటకి యాభై టాకాల లెక్కన వచ్చేదాన్ని ఇన్సెంటివ్ అనే అంటారు. జీతమిస్తే ఉద్యోగం ఇచ్చినట్టవుతుంది, ఉద్యోగం చేసే హక్కు వీళ్లకి లేదు.

మా బ్యాచ్‌లో వయసు తేడా పదేళ్లే అయినా రెండు తరాలు కనబడేవి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లవాళ్లు రఖైన్‌లో బడికెళ్లినవాళ్లు. బర్మీస్ బాగా రాస్తారు. 2012 అల్లర్ల తర్వాత సిత్వే యూనివర్సిటీలో రోహింగ్యాలని చేర్చుకోవడం మానేశారు కాబట్టి పదో తరగతితోనే ఆగిపోయారు. ఊళ్లో తమ పొలం ఏ కాలవ పక్కనుందో చెప్తారు. పద్దెనిమిదేళ్లవాళ్లు పదేళ్ల వయసులో సరిహద్దు దాటారు. వాళ్ల చదువు, స్నేహాలు, భయాలు అన్నీ క్యాంపులోవే. పెద్దవాళ్లకి ఇల్లంటే రఖైన్‌లోని మౌంగ్‌డా. చిన్నవాళ్లకి ఇల్లంటే ఫలానా బ్లాకు, ఫలానా మెట్ల వరస. తర్వాత జరిగిన గొడవలన్నిటికీ మూలం ఇదే.

శిక్షణ మొదలవ్వాలంటే ముందు అనుమతులు. క్యాంపులోకి వెళ్లే ప్రతి మనిషికీ, ప్రతి కార్యక్రమానికీ కాగితం ఉండాలి. పొద్దున్నే కాక్స్ బజార్ నుంచి బండెక్కితే సాయంత్రం నాలుగు దాటకుండా బయటపడాలి. దరఖాస్తులో "హక్కులు" అన్న మాట ఉంటే ఆలస్యమవుతుందని మా ఆఫీసులో అనుభవం ఉన్నవాళ్లు చెప్పారు. అందుకని "జీవన నైపుణ్యాలు" అని రాశాం. అందరూ చేసేదే, ఎవరూ పైకి చెప్పరు. లోపల మేం మాట్లాడుకునేవి హక్కుల గురించేనని కూడా అందరికీ తెలుసు.

హెడ్డాఫీసు పంపిన మాన్యువల్ ఒకటుండేది. రంగురంగుల బొమ్మలతో బాగానే ఉంటుంది. అందులో ఒక ఎక్సర్‌సైజు "రాబోయే ఐదేళ్లలో నన్ను నేను ఎక్కడ చూసుకుంటున్నాను". ఎవరు రాశారో గానీ పాస్ లేకుండా పక్క ఊరికి వెళ్లలేని మనిషిని అడిగే ప్రశ్న కాదు అది. పిల్లలు మర్యాదస్తులు, నవ్వకుండా నింపారు. సగం మంది "ఇక్కడే" అని రాశారు.

ఇంకో సంగతి, మాట్లాడటం వాళ్లకి కొత్తగా నేర్పాల్సిన పనే లేదు. ఎనిమిదేళ్లుగా విలేకర్లకీ, పరిశోధకులకీ, లాయర్లకీ దుబాసీలుగా తిరిగినవాళ్లు ఉన్నారు. ఎదుటివాళ్లకి ఏ కథ కావాలో ముఖం చూసి చెప్పేస్తారు. రోహింగ్యాల మీద జాతి సంహారం జరిగిందంటూ అంతర్జాతీయ న్యాయస్థానంలో మయన్మార్ మీద గాంబియా వేసిన కేసు 2019 నవంబరులో మొదలైందని, 2020 జనవరి 23న మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయని, 2022 జులైలో మయన్మార్ అభ్యంతరాలు కొట్టేశారని నాకంటే వాళ్లే గడగడా చెప్పేవారు. ఫేస్‌బుక్‌లో తమ మీద జరిగిన విద్వేష ప్రచారానికి పరిహారంగా క్యాంపుల్లో చదువులకి డబ్బివ్వమని రోహింగ్యా యువజన సంఘాలు ఆ కంపెనీని అడిగితే, తాము నేరుగా దానధర్మాలు చేయమని 2021లో జవాబొచ్చింది. ఆ మాట మా బ్యాచ్‌లో ఒక జోకైపోయింది. ఎవరైనా పెన్ను అడిగితే "మేం దానధర్మాలు చేయం" అనేవాళ్లు.

అమ్మాయిలని రప్పించడానికి మాత్రం చాలా కష్టపడాల్సి వచ్చింది. పెద్దమనిషి అయిన పిల్లని ఇల్లు దాటించరు. దారిలో కుర్రాళ్ల అల్లరి, పుకార్లు, సాయంత్రమైతే ఎత్తుకుపోతారన్న భయం, పైగా పరువు. మగపిల్లలతో కలిపి కూర్చోబెడతామంటే ఒక్కరు కూడా రారు. అందుకని వాళ్లకి వేరే సమయం, ఆడవాళ్ల కోసమున్న సెంటర్లో గది, తీసుకొచ్చి దింపడానికి అదే బ్లాకుకి చెందిన ఒక ఆవిడ. నేను ఆడదాన్ని కాబట్టి ఇళ్లలోకి వెళ్లి తల్లులతో కూర్చోగలిగాను. తమలపాకులు ముందు పెట్టి, నా పెళ్లి సంగతి, జీతం సంగతి కనుక్కుని, అప్పుడు అసలు మాటకొచ్చేవారు. "నేర్చుకుని ఏం చేస్తుంది?" అని అడిగేవారు. నా దగ్గర మంచి జవాబు లేదు. "నలుగురిలో మాట్లాడుతుంది" అంటే ఒకావిడ "అదే భయం" అంది.

అలాంటి ఒక ఇంట్లోనే ప్లాస్టిక్ సంచీ చూశాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుందది. తాతల నాటి గుర్తింపు కార్డు, ఇంట్లో ఎవరెవరున్నారో రాసి అధికారులు ముద్ర వేసిన కుటుంబ జాబితా, భూమి శిస్తు రశీదులు, 2015లో మయన్మార్ ప్రభుత్వం వాపసు తీసుకున్న తెల్లకార్డు, అంటే తాత్కాలిక గుర్తింపు కార్డు, తాలూకు చీటీ. ఇల్లు కాలుతున్నప్పుడు బియ్యం వదిలేసి సంచీ పట్టుకుని పరిగెత్తారు. 2021 మార్చిలో బాలూఖాలీ క్యాంపుల్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగినప్పుడు చాలామందివి అవి కూడా పోయాయి. మేం ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్ కూడా నేరుగా ఆ సంచీలోకే వెళ్తుందని అప్పుడర్థమైంది.

మాటల విషయానికొస్తే, వాళ్ల రోహింగ్యా భాష చిట్టగాంగ్ యాసకి దగ్గర. నాకు అదీ రాదు, బెంగాలీ కూడా అంతంతే. కానీ వాళ్లకీ నాకూ సినిమా హిందీ వచ్చు. సల్మాన్ ఖాన్ పుణ్యమా అని మాకు దుబాసీ అవసరం చాలాసార్లు పడలేదు. రాతకొచ్చేసరికి చిక్కొచ్చింది. వినతిపత్రం బర్మీస్‌లో ఉండాలని పెద్దవాళ్లు పట్టుబట్టారు, తాము మయన్మార్ మనుషులమని కాగితమే చెప్పాలని వాళ్ల వాదన. చిన్నవాళ్లలో సగం మందికి బర్మీస్ చదవడం రాదు. సొంత భాషకి హనీఫీ లిపి ఉంది గానీ మా గుంపులో అది వచ్చినవాళ్లు ఒకరిద్దరే. చివరికి ఇంగ్లీషులో అసలు ప్రతి, బర్మీస్‌లో అనువాదం, రోహింగ్యాలో ఆడియో అని తేల్చుకున్నారు. ఆడియో ఆలోచన ఒకమ్మాయిది. చదవడం రాని వాళ్లమ్మ కూడా వినాలని. అది వాట్సాప్‌లో గుడిసె గుడిసెకీ తిరిగింది, ఆ అమ్మాయి ఊహించినదానికంటే ఎక్కువ పని చేసింది.

మార్చిలో రేషన్ కబురొచ్చింది. అప్పటిదాకా మనిషికి నెలకి పన్నెండున్నర డాలర్ల కూపన్. నిధులు లేక ఏప్రిల్ నుంచి ఆరు డాలర్లే ఇస్తామని ప్రపంచ ఆహార కార్యక్రమం ప్రకటించింది. ఆరు డాలర్లంటే సుమారు 730 టాకాలు, అంటే రోజుకి పాతిక టాకాలు కూడా రావు. 2023లో ఒకసారి పన్నెండు నుంచి పదికి, పది నుంచి ఎనిమిదికి తగ్గించినప్పుడు ఇళ్లలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. మార్చి 14న ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్, అప్పటి బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వాధినేత యూనస్ వచ్చి లక్ష మందితో ఇఫ్తార్ చేశారు. మా కుర్రాళ్లు ఆ జనంలో ఎక్కడో వెనక నిలబడి వచ్చారు. నెలాఖరుకి కోత ఆపేశామని, పన్నెండు డాలర్లు ఇస్తామని చెప్పారు. ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ మూడు వారాల్లోనే వినతిపత్రం రాయాలన్న మాట మొదలైంది.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. పెద్ద కుర్రాళ్లు పౌరసత్వం, క్షేమంగా తిరిగెళ్లడం, నేరం చేసినవాళ్లకి శిక్ష, ఈ మూడూ మొదట ఉండాలన్నారు. రేషన్ గురించి మొదట రాస్తే మనం తిండి కోసం వచ్చిన జనమని లోకం అనుకుంటుందని వాళ్ల బాధ. "ఇక్కడ బాగుంటే ఇక్కడే ఉండిపోతారు అంటారు. వాళ్లకి ఆ అవకాశం ఇవ్వొద్దు" అన్నాడు లెక్కల పాఠాలు చెప్పే ఒకతను. అమ్మాయిల జాబితా వేరు. వాళ్లది బడి, రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్లే దారిలో దీపం, రేషన్, పద్నాలుగేళ్లకే పెళ్లిళ్లు. రేషన్ తగ్గినప్పుడల్లా పెళ్లిళ్లు పెరుగుతాయని వాళ్లకి కళ్లముందు కనబడుతోంది. ఒక నోరు తగ్గుతుంది కదా. రెండు గుంపులూ ఒకచోట కూర్చోరు కాబట్టి ఈ వాదన అంతా చీటీల మీద, వాయిస్ మెసేజ్‌ల మీద సాగింది. మధ్యలో తపాలా నేను. ఒకసారి అబ్బాయిలు "ఇవి చిన్న సమస్యలు, క్యాంపు స్థాయివి" అని రాసి పంపితే, అమ్మాయిల దగ్గర్నుంచి వచ్చిన జవాబు నేను అనువదించకుండా ఉంటేనే మంచిది.

నా అభిప్రాయం అడిగారు. నేను చెప్పలేదు. నేనక్కడ మాట కలిపితే అదే చెల్లిపోతుంది, విదేశీ ఆపా కదా. పోనీ ఓటేసుకోండన్నాను. ఓటేస్తే మగపిల్లల సంఖ్య ఎక్కువ, ఫలితం ముందే తెలుసని ఒకమ్మాయి అంది. నిజమే. సంస్థలు క్యాంపుల్లో ప్రజాస్వామ్యం నేర్పుతామంటాయి గానీ ఎవరి గడప దాటనిస్తే వాళ్లే ఓటేస్తారన్న చిన్న లెక్క మాన్యువల్‌లో ఉండదు.

జూన్‌లో ఆ వాదన దానంతటదే మారిపోయింది. నిధులు లేక యూనిసెఫ్ మద్దతుతో నడిచే లెర్నింగ్ సెంటర్లు మూతపడ్డాయి. వెయ్యి మందికి పైగా బంగ్లాదేశీ టీచర్ల పనులు పోయాయి, రెండు లక్షల మందికి పైగా పిల్లల చదువు చిక్కుల్లో పడింది. బంగ్లాదేశ్ బళ్లలో వీళ్లని చేర్చుకోరు. మయన్మార్ సిలబస్ క్యాంపుల్లోకి రావడానికే 2021 చివరి దాకా పట్టింది, అది కూడా పోరగా పోరగా. అదే సమయంలో అనుమతి లేదని రోహింగ్యాలు సొంతంగా నడుపుకునే బళ్లని మూయించారు. ఇప్పుడు ఉన్నదీ పోయింది. పెద్ద కుర్రాళ్లలో సగం మంది ఆ సెంటర్లలో వాలంటీరు టీచర్లు. చదువు క్యాంపు స్థాయి సమస్య అన్నవాళ్లే పొద్దున్నే ఖాళీ గదుల ముందు నిలబడ్డారు.

అప్పుడు వాళ్లు చేసిన పని నా శిక్షణలో లేదు. ఎవరూ చెప్పకుండా నోటుపుస్తకాలు పట్టుకుని తమ బ్లాకుల్లో గుడిసె గుడిసెకీ తిరిగి లెక్క రాసుకున్నారు. ఏ ఇంట్లో ఏ వయసు పిల్లలు, ఎన్నో తరగతిలో ఆగారు, ఇప్పుడేం చేస్తున్నారు. ఇళ్లలోపలికి అమ్మాయిలే వెళ్లగలరు కాబట్టి ఈసారి అబ్బాయిలు వాళ్ల మీద ఆధారపడ్డారు. పిల్లల పేర్లు రాయకూడదని నియమం పెట్టుకున్నారు. ఒక మాఝీకి అనుమానమొచ్చి ఇదేం సర్వే అని అడిగితే, ఆయన మనవరాలి వివరాలు కూడా అందులో చూపించారు. ఆయన ఇంకేం అనలేదు, పక్క బ్లాకుకి దారి చూపించాడు. వచ్చిన లెక్కలు వినతిపత్రంలో మొదటి పేజీకి వెళ్లాయి, పౌరసత్వం రెండో పేజీకి. రెండిటికీ మధ్య లెక్కల మాస్టారు ఒక్క వాక్యం రాశాడు. చదువురాని తరాన్ని తిప్పి పంపితే మళ్లీ ఏ కాగితం మీద వేలిముద్ర పెట్టమన్నా పెడుతుందని. దాన్ని ఎవరూ కొట్టేయలేదు.

ఇంతలో నన్ను ఇరకాటంలో పెట్టిన రోజొకటి వచ్చింది. ఢిల్లీలో పట్టుకున్న కొందరు రోహింగ్యాలకి లైఫ్ జాకెట్లు తొడిగి మయన్మార్ తీరం దగ్గర సముద్రంలోకి దింపేశారన్న ఆరోపణ మే నెలలో బయటికొచ్చింది. మయన్మార్‌లో మానవ హక్కుల మీద సమితి నియమించిన ప్రత్యేక పరిశీలకుడు టామ్ ఆండ్రూస్ విచారణ చేస్తామన్నారు. ఆ వార్త ఫోన్లో చూపించి "ఇది నిజమేనా ఆపా, మీ దేశమే కదా" అని అడిగింది ఒకమ్మాయి. వాళ్ల పిన్ని హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటుంది, చెత్త ఏరే పని. ఆ వార్త వచ్చినప్పటి నుంచి పిన్ని ఫోన్ ఎత్తడం లేదట. నాకు తెలిసిన హైదరాబాద్ స్నేహితుడితో కనుక్కుంటే, ఫోన్ పాడైందంతే, మనిషి బాగానే ఉంది. కానీ మీ దేశమే కదా అన్నదానికి ఏం చెప్పాలి? కోర్టులో ఉందని చెప్పాను. వాళ్లకి కోర్టులో ఉండటం అంటే ఏమిటో బాగా తెలుసు.

అన్నిటికంటే కష్టమైంది చివరి గీత. ఎవరు సంతకం పెట్టాలి?

ఇక్కడ మొహిబుల్లా గురించి చెప్పాలి. 2019 ఆగస్టు 25న కుతుపలాంగ్‌లో లక్ష మందికి పైగా జనంతో సభ పెట్టిన స్కూలు మాస్టారు. అంతకు ముందు నెల వైట్‌హౌస్‌లో ట్రంప్ ముందు నిలబడి మాట్లాడి వచ్చాడు. గుడిసెలు తిరిగి చనిపోయినవాళ్ల జాబితాలు రాయించినది కూడా ఆయనే. ఆ సభ తర్వాత క్యాంపుల్లో మొబైల్ ఇంటర్నెట్ దాదాపు ఏడాది పాటు ఆపేశారు. 2021 సెప్టెంబరు 29 రాత్రి సొంత ఆఫీసులోనే ఆయన్ని కాల్చి చంపారు. క్యాంపులో ఏ తల్లినైనా పిల్లాడు నాయకుడవుతాడట అని అడిగి చూడండి, ఆవిడకి గుర్తొచ్చేది ఆ రాత్రే. 2024లో సాయుధ గుంపులు క్యాంపుల నుంచి కుర్రాళ్లని ఎత్తుకుపోయి రఖైన్ యుద్ధానికి పంపాయి. పేరు తెలిసిన కుర్రాడు ముందు కనబడతాడు.

సంతకం లేని కాగితాన్ని ఎవరు పట్టించుకుంటారని కొందరు, సంతకం పెట్టి చచ్చిపోతే ఎవరు పట్టించుకుంటారని కొందరు. 2018లో నాలుగు వందల మంది స్త్రీలు, పిల్లల తరఫున హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకి వేలిముద్రలతో వినతి వెళ్లిన సంగతి ఒకమ్మాయి గుర్తుచేసింది. వేలిముద్ర పెడదామంది. దానికి ఒకబ్బాయి "మన వేలిముద్రలు వాళ్ల కంప్యూటర్లో ఎప్పుడో ఉన్నాయి" అన్నాడు. నమోదు సమయంలో తీసుకున్న వివరాలు మయన్మార్ ప్రభుత్వం చేతికి వెళ్లాయని 2021లో ఒక మానవ హక్కుల సంస్థ బయటపెట్టింది. అందుకు శరణార్థుల అనుమతి తీసుకున్నామని సమితి శరణార్థి సంస్థ అంది. ఎవరు నిజమైనా, పేర్ల జాబితా మా సంస్థ బీరువాలో దాస్తామని మేం అంటే పిల్లలు ఒప్పుకోలేదు. వాళ్ల స్థానంలో నేనున్నా ఒప్పుకోను.

చివరికి ఇప్పటికే ఫేస్‌బుక్‌లో సొంత పేరుతో రాస్తూ అందరికీ తెలిసిపోయిన కొద్దిమంది మాత్రం సంతకం పెట్టారు. మిగతావాళ్లు వయసు, ఆడా మగా అన్నంతవరకే రాశారు. వేలిముద్ర మాటెత్తిన అమ్మాయి సంతకం పెడతానని పట్టుబట్టింది. వాళ్లన్న వద్దన్నాడు, ఇంట్లో పెద్ద గొడవైంది. పెట్టలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు సెషన్లకి కూడా రాలేదు. ఆమె సేకరించిన లెక్కలే అందరివాటికంటే శుభ్రంగా ఉన్నాయి.

ఆగస్టులో ఒక విదేశీ ప్రతినిధి బృందం వచ్చింది. యువతతో మాటామంతీకి కొద్ది నిమిషాలు ఇచ్చారు. వెదురు హాల్లో ఫ్యాన్లు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, వెనక అధికారులు, పోలీసులు. బృందంలో పెద్దావిడ నవ్వుతూ "నీ కల ఏమిటి?" అని ఒకమ్మాయిని అడిగింది. వచ్చిన ప్రతివాళ్లూ అడిగేదే. ఆ పిల్ల కల జోలికి వెళ్లకుండా, మా బ్లాకుల్లో ఇంతమంది పిల్లలు ఇన్ని నెలలుగా ఇంట్లో ఉన్నారు, ఏ తరగతులు ఎప్పుడు తెరుస్తారో చెప్పండి అని అడిగింది. దుబాసీ కొంచెం మెత్తగా మార్చి చెప్పబోతే వెనక నుంచి లెక్కల మాస్టారు లేచి ఇంగ్లీషులో మళ్లీ చెప్పాడు. ఆవిడ రాసుకుంది. వినతిపత్రం ఒక నీలం ఫోల్డర్లోకి వెళ్లింది. తర్వాత మర్యాదైన ఈమెయిల్ ఒకటొచ్చింది, మీ ఆందోళనలు గమనించామని. తరగతులు ఎప్పుడో అందులో లేదు.

సెప్టెంబరు 30న న్యూయార్క్‌లో సమితి జనరల్ అసెంబ్లీ రోహింగ్యాల మీద సమావేశం పెట్టింది. అక్కడ పొద్దున్నంటే మాకు రాత్రి. నేను కాక్స్ బజార్‌లో గదిలో, వాళ్లు క్యాంపులో, అందరం ఫోన్లలోనే చూశాం. సిగ్నల్ ఆగుతూ వస్తూ ఉంది. రోహింగ్యా కార్యకర్తలు వై వై ను, లక్కీ కరీం, మాంగ్ సయ్యదుల్లా మాట్లాడారు. లక్కీ, సయ్యదుల్లా కొన్నేళ్ల కిందటిదాకా ఇవే గుట్టల మీద ఉన్నవాళ్లు. మా గ్రూప్‌లో మెసేజ్‌లు ఆగలేదు. లక్కీ మాట్లాడుతున్నంతసేపూ అమ్మాయిల వైపు నుంచి గుండె గుర్తులే. కాసేపటికి ఒకడు పెట్టాడు: హాల్లో ఉన్న మనవాళ్లందరూ బయట ఉంటున్నవాళ్లే, ఇక్కడ ఉంటున్నవాడు ఒక్కడూ లేడు. దాని మీద తెల్లారేదాకా వాదన. పాస్‌పోర్టు లేని మనిషి న్యూయార్క్ ఎలా వెళ్తాడని ఒకరు, అయితే న్యూయార్కే ఇక్కడికి రావాలని ఇంకొకరు.

నిధులు తగ్గి నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఇప్పుడు విశాఖలోనే ఉన్నాను, గ్రూప్‌లో మాత్రం ఉంచారు. ఇంట్లో గొడవైన అమ్మాయి తన గుడిసెలోనే పొద్దున పూట చిన్నపిల్లలకి చదువు చెప్తోంది, వాళ్లన్నే బోర్డు కొనిచ్చాడు. రెండో వినతిపత్రం పని నడుస్తోంది. ఈసారి గొడవ ఎవరికి రాయాలన్నది. 2024 డిసెంబరు నుంచి మౌంగ్‌డా అరకాన్ ఆర్మీ చేతిలో ఉంది, అది మయన్మార్ సైన్యంతో పోరాడే రఖైన్ సాయుధ దళం. తిరిగెళ్లే దారి మూసినా తెరిచినా ఇప్పుడు వాళ్లే. 2024 ఆగస్టులో సరిహద్దులోని నాఫ్ నది ఒడ్డున జనం మీద డ్రోన్ దాడి జరిగినప్పుడు చనిపోయినవాళ్లలో మా బ్యాచ్ పిల్లల బంధువులు ఉన్నారు. ఆ దాడి చేసింది అరకాన్ ఆర్మీయేనని వాళ్లు అంటారు. వాళ్లకి వినతి రాయడమేమిటని సగం మంది. రాయకపోతే ఇంకెవరికి రాస్తాం, రాజధాని నేపిడాలో కూర్చున్నవాళ్ల చేతిలో మన ఊరే లేదు కదా అని మిగతా సగం. లెక్కల మాస్టారు ఈసారి ఏ వైపూ మాట్లాడటం లేదు. ఆ రోజు నది ఒడ్డున వాళ్ల బాబాయి ఉన్నాడు.